పొగ లేని ఆకు

మా అప్ప ఇంటికి ఎవరొచ్చినా గుమ్మంలోనే దగ్గరికి తీసుకుంటుంది. అక్కను మేము అప్ప అంటాం. మలేషియాలో పుట్టి పెరిగినా మా నోట్లో ఇంకా నిలిచిన ఉత్తరాంధ్ర మాటల్లో అదొకటి. ఆమధ్య హుటాన్ మెలింటాంగ్‌లో బస్సు దిగి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు కూడా నా మెడ చుట్టూ చెయ్యి వేసి, చెంపకు చెంప ఆనించి, "సిక్కిపోయినావేటే" అంది. ఆ మాటతో పాటు చల్లటి పుదీనా వాసన వచ్చింది. వంటింట్లో నూరిన పుదీనా అయితే వాసన ఇంటి లోపలి నుంచి వస్తుంది. ఇది అప్ప నోట్లోంచి వచ్చింది. చేతిలో సంచీ కింద పెట్టడం కూడా మరిచిపోయి అలాగే నిలబడ్డాను. చాలా కాలం కిందట చనిపోయిన మా నానమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కున్నట్టయింది.

నానమ్మ సుంగై సుమున్ దగ్గర కొబ్బరి తోటలో పనిచేసేది. కాయ పగలగొట్టి, చిప్ప నుంచి కొబ్బరి వేరుచేసి, ఎండబెట్టే కొట్టుకు పంపడం ఆమె పని. ఆ కొట్టులో రోజంతా మంట ఉండేది. తోట కూలీలకు వరసగా కట్టిన మా లైను ఇళ్ళలో ఆరేసిన బట్టలకూ, పక్క దుప్పట్లకూ, మా జుట్టుకూ కూడా కమురు పట్టిన కొబ్బరి వాసనే. ఆ పనిలో రెండు చేతులకూ తీరిక ఉండదు. అందుకని నానమ్మ చుట్టను తన తల్లి నేర్పిన పద్ధతిలోనే కాల్చేది, నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని. అడ్డపొగ అంటారు దాన్ని. శ్రీకాకుళం వైపు సముద్రపు గాలిలో పనిచేసే ఆడవాళ్ళకు అలవాటైన పద్ధతి అది. గాలికి ఆరదు, వానకు తడవదు, చంకలో బిడ్డకు నిప్పు తగలదు. ఆమె ఆ చుట్టతోనే మాట్లాడేది, కసిరేది, నవ్వేది. ఒక్కొక్క మాట వెనక ఒక్కొక్క పొగ తెర బయటికి వచ్చేది. తెలియని పిల్లలు చూస్తే ముసలమ్మ నిప్పు మింగుతోందని ఏడ్చేవారు. మాకు అది ఆమె మొహంలో ఒక భాగం.

తోటలో చిన్న ఆసుపత్రి ఉండేది. డాక్టరు ఎప్పుడో వచ్చేవాడు, మిగిలినదంతా కట్లు కట్టి మందులిచ్చే డ్రెస్సర్ చూసుకునేవాడు. తెల్ల నిక్కరు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, ఎవరితోనైనా తమిళంలోనే మాట, ముసలమ్మలందరూ ఆయనకు పాటీలే. నానమ్మ అంగిలి తెల్లబడి పెచ్చులు లేచిందని ఆయనే కనిపెట్టాడు. "పొగ మానెయ్యి పాటీ, లేకపోతే నీ నోరు నీకు దక్కదు" అని గట్టిగా చెప్పాడు. నానమ్మ మాట పట్టింపు మనిషి. ఇంటికొచ్చి, మిగిలిన చుట్టలన్నీ పొయ్యిలో పడేసి, మా అందరినీ వరసగా నిలబెట్టి, "నాను పొగ ఒగ్గేసినాను. మల్లీ నా నోట్లో పొగ సూసినోల్లు నన్ను కొట్టండి" అంది. ఆ తర్వాత ఆమె నోట్లో పొగ ఎవరూ చూడలేదు.

కానీ పొగ వేరు, ఆకు వేరు. మన భాషలో దాని పేరే పొగాకు. తమిళంలోనూ అంతే, పొగ పేరుతోనే ఆకు. పొగ తీసేస్తే మిగిలేది ఆకే కదా. ఆకులు రోజుకెన్ని తినం? తమలపాకు ఆకే, కరివేపాకు ఆకే. నానమ్మ పొగాకు ముక్కను నలిపి, వేలికొనతో కాస్త సున్నం రాసి, రెండు పుదీనా ఆకుల మధ్య ముద్దగా చుట్టి, కింది పెదవికీ చిగురుకూ మధ్య దోపుకునేది. ఆ పుదీనాను స్నానాల గది వెనక నీళ్ళు పారే చోట తనే పెంచింది. వేరు ముక్క గుచ్చితే చాలు, రాళ్ళ సందుల్లోకి కూడా పాకేది. డ్రెస్సర్ ఆ తర్వాత ఎప్పుడు అడిగినా, "పొగ మానేసినాను" అనేది. అది నిజమే. ఆయన ఆమె నోటి దగ్గర మొహం పెట్టి చూస్తే పుదీనా పరిమళం. మెచ్చుకుని పంపేవాడు. లైనులో మిగతా ఆడవాళ్ళు కూడా ఒక్కొక్కరే చుట్ట మాని ముద్దకు వచ్చారు. సాయంత్రం గుమ్మాల్లో కూర్చుని బియ్యం ఏరుకునేటప్పుడు ఆ వరసంతా పుదీనా తోటలా ఉండేది. మా లైను ఆడవాళ్ళంత శుభ్రమైన వాళ్ళు తోటలో లేరని పేరు కూడా వచ్చింది.

ఆ ముద్దలు కట్టే పని అప్పది. నేను బడికి వెళ్ళేదాన్ని, అప్ప ఇంట్లో ఉండేది. పొద్దున్నే పొయ్యి బూడిదతో గిన్నెలు తోమి, ఎండుచేపలు మా ఇంటి చూరు రేకు మీద పరిచి, కాకుల్ని తోలుతూ, ఒళ్ళో చాట పెట్టుకుని నానమ్మకు ఆ రోజుకు సరిపడా ముద్దలు కట్టేది. సున్నం ఎక్కువైతే పెదవి పొక్కుతుంది, తక్కువైతే నానమ్మ తిడుతుంది. అప్ప చేతి కొలత ఎప్పుడూ తప్పేది కాదు. ఆ వేళ్ళు నోటికి తగలకుండా ఎంతకాలం ఉంటాయి? అప్పకు పెళ్ళయ్యేనాటికి తనకోసం కూడా ముద్ద కట్టుకుంటోంది. ఎవరూ ఏమీ అనలేదు. ఆడపిల్ల చుట్ట కాలిస్తే నలుగురూ అడుగుతారు. పుదీనా వాసన వేసే ఆడపిల్లను ఎవరడుగుతారు?

నానమ్మకు పెదవి లోపల పుండు లేచింది, మానలేదు. గంజి కూడా దిగని స్థితిలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. పొగ తాగే అలవాటుందా అని అక్కడా అడిగారు. నాన్న, అత్త, అప్ప, అందరూ ఒక్క గొంతుతో, ఎప్పుడో మానేసిందని చెప్పారు. అబద్ధం చెప్పాలని ఎవరికీ లేదు. నానమ్మ పోయాక నెలల తరబడి ఇంట్లో ఒకటే మాట వినపడేది: "పొగ మానేసినా వచ్చినాదే ఆ రోగం." చుట్ట వల్ల వచ్చిందో, ముద్ద వల్ల వచ్చిందో, రెండూ కలిసి తెచ్చాయో చెప్పడానికి నేను వైద్యురాలిని కాను. ముద్ద సంగతి మాత్రం ఏ డాక్టరు చెవిలోనూ పడలేదు. నేను తర్వాత ఇపోలో ఒక దినపత్రికలో చేరాను. మా డెస్కు పెద్దాయన కుర్ర విలేకరులు తెచ్చిన కాపీ చూసి, "జవాబు బాగానే ఉంది. ఏమడిగావు?" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ ఆసుపత్రి మంచం గుర్తొచ్చేది.

ఇప్పుడు అప్ప గుమ్మంలో అదే వాసన.

"ఏటప్పా, నోట్లో ఏటుంది?" అన్నాను.

"పిప్పరమెంటు" అంది అప్ప, తేనీళ్ళు పెట్టడానికి లోపలికి వెళుతూ. "కూకో. ముందు ఆ కట్టుడు పల్ల గోల సెప్తాను. అందుకే గదా నిన్ను రమ్మన్నాను."

గోల ఏమిటంటే, ప్రభుత్వ దంతవైద్యశాలలో కట్టించుకున్న కింది పళ్ళ సెట్టు ఆమెకు కుదరడం లేదు. పెదవి లోపల మంట. తెల్లగా ఏదో మచ్చ కట్టింది. డాక్టరమ్మ ఆ సెట్టు అంచు రాసుకుంటోందనుకుని ఒకసారి అరగదీసింది, మళ్ళీ వెళితే మళ్ళీ అరగదీసింది. అయినా మచ్చ పోలేదు. మర్నాడు ఇంకోసారి రమ్మంది. నేను సెట్టు తీసి పెదవి చూపించమన్నాను. వెలుతురులోకి తిప్పి చూశాను. సెట్టు అంచు ఎక్కడుందో మచ్చ అక్కడ లేదు. దానికి బాగా కింద, పెదవి మడతలో, నానమ్మ ముద్ద దోపుకునే చోట ఉంది. ఆ పిప్పరమెంటేదో చూపించమన్నాను.

అప్ప కొంగు మడతలోంచి గుండ్రటి చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. లేత పచ్చ రంగు, మూత మీద ఒక ఆకు బొమ్మ. లోపల చిక్కుడు గింజ అంత తెల్లటి మెత్తని సంచులు, పువ్వు రేకుల్లా చుట్టూ పేర్చి ఉన్నాయి. మూత తియ్యగానే గదంతా చల్లబడింది.

అప్పుడే అప్ప కొడుకు సింహాద్రి పని నుంచి వచ్చాడు. నది ఒడ్డున చేపల పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. పడవవాళ్ళు వాణ్ణి సిమ్ అంటారు. డబ్బా నా చేతిలో చూసి నవ్వాడు. "సిన్నమ్మా, నీకూ కావాలేటి? స్నూస్ అంతారు. జెట్టీలో అందరి జేబులోనూ అదే. కడల్లో గాలికి లైటర్ ఎలగదు, డీజిల్ దగ్గిర సిగరెట్టు ముట్టిస్తే ఓనరు తౌకే తిడతాడు. ఇది పెదివి కింద పెట్టుకుంటే సాలు. పొగ నేదు, ఉమ్ముడు నేదు, కంపు నేదు."

"మీ అమ్మకు ఎవరిచ్చారు?"

"నానే. అమ్మ ఆ సున్నం ముద్ద ఒగ్గేసి దీనికి మారినాది. అది నా గెలుపు సిన్నమ్మా. ఇన్నేల్లూ ఎవల మాటా యిననేదు."

వాడి మొహంలో నిజమైన గర్వం ఉంది. కొడుకు తల్లి కోసం చేసిన మంచిపని అది, వాడి లెక్కలో.

"లోపల ఏముందిరా?"

"మింటు."

"మింటు కాకుండా?"

వాడు డబ్బా తిప్పి చూశాడు, మళ్ళీ నా వైపు తిప్పాడు. నేను కళ్ళద్దాలు తీశాను. పత్రికలో ప్రకటనల అడుగున ఉండే చీమతల అక్షరాలు చదివి చదివి నా కళ్ళకు వాటితో పాత పరిచయం. మొదటి పేరు పొగాకే. తడి పొగాకు పొడి. పుదీనా చివర్న ఉంది.

"పొగాకే అప్పా ఇది" అన్నాను.

"పో. పొగాకు నల్లగుంటాది. ఇది సూడు, దూదిలాగుంది. పిప్పరమెంటు."

"డాక్టరమ్మ నిన్ను ఏమడిగింది?"

"మెరోకొక్, అనడిగినాది. పొగ తాగుతావేటని. తాక్ అన్నాను, నేదని." అప్ప గొంతు పెరిగింది. "అబద్ధమాడినానేటే? దేముడి మీదొట్టు, పుట్టి బుద్ధెరిగి ఒక్క సుట్ట కాల్చనేదు నాను!"

"నానమ్మ కూడా అబద్ధమాడలేదు" అన్నాను.

 ముద్దలు కట్టింది నువ్వే కదా అనే మాట నా నాలుక చివరికి వచ్చింది, మింగేశాను. అప్ప డబ్బా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. ఆ వేళ్ళను చూస్తూ కూర్చున్నాను. బొటనవేలూ చూపుడువేలూ కలిసి, లేని ఆకును మడుస్తున్నట్టు కదులుతున్నాయి. ఆమే అంది: "ముద్దలు నానే కట్టినాను. సున్నం నానే ఏసినాను. మంచి పన్నేస్తన్నాననుకున్నాను."

సింహాద్రి ఇబ్బందిగా కదిలాడు. "అదీ ఇదీ ఒకటేటి సిన్నమ్మా? సిగరెట్టు కంటె ఇది మేలని జెట్టీలో అందరూ అంతారు."

మేలు కావచ్చు. కాదని వాదించేటంత నాకు తెలియదు, తెలియనిదాన్ని తెలిసినట్టు రాయడం నా వృత్తిలో తప్పు. సిగరెట్టు మానలేని పడవవాడి సంగతి వేరు. మా అప్ప సిగరెట్టు ఎప్పుడు కాల్చింది, దానికంటే మేలైనది వెతుక్కోవడానికి? ఈమధ్య ఈ డబ్బాలు నాకు చాలా చోట్ల కనిపిస్తున్నాయి. బస్సులో పక్కన కూర్చున్న ఫ్యాక్టరీ అమ్మాయి బ్యాగులో, హైదరాబాదు నుంచి కంప్యూటర్ ఉద్యోగాలకు వచ్చిన పిల్లల బల్లల మీద, మా పత్రికలో ఇప్పుడు పనిచేసే కుర్రాడి చొక్కా జేబులో. అడిగితే అందరి నోటా ఒకటే మొదటి మాట, పొగ లేదని. రెండో మాట, మింటు బాగుంటుందని. వేరే రుచి ఉన్నవాటిని అడిగేవాళ్ళే తక్కువని అమ్మేవాడు సింహాద్రితో చెప్పాడట. ఆశ్చర్యం ఏముంది? శుభ్రానికి వాసన ఉంటే అది పుదీనాదే. పళ్ళపొడి అదే, దగ్గు బిళ్ళ అదే, తలనొప్పి తైలం అదే. మా లైను ముసలమ్మలు ఆ కిటుకు ఎప్పుడో కనిపెట్టారు, వాళ్ళకు డబ్బాలూ బొమ్మలూ లేవు, అంతే. నానమ్మ నాడు పొగ పోయింది, ఆకు మిగిలింది. ఇప్పుడు ఆకు కూడా తెల్ల సంచీలో దాక్కుంది. కంటికి కనిపించేదీ ముక్కుకు తగిలేదీ పుదీనా ఒక్కటే.

నేను ఆ సాయంత్రమే ఇపో వెళ్ళిపోవాలి. వెళ్ళనని చెప్పాను. "రేపు నీతో వస్తాను. నువ్వు ఆ డాక్టరమ్మకు చెప్పిందాకా ఈ ఊరు వదలను" అన్నాను.

"ఏటని సెప్పమంతావు? మన బాసలో దీనికి పేరే నేదు."

జీవితమంతా మాటలు వెతికి బతికినదాన్ని, నాకూ వెంటనే తోచలేదు. పొగాకు అందామంటే అందులో పొగ ఉంది. మందు కాదు, మిఠాయి కాదు. "పేరు లేకపోతే డబ్బా చూపించు" అన్నాను.  అప్ప పెరట్లోకి వెళ్ళి కుండీలకు నీళ్ళు పోసింది. తోట అమ్మేసి లైను ఇళ్ళు ఖాళీ చేయించినప్పుడు స్నానాల గది వెనక నుంచి తవ్వి తెచ్చిన పుదీనా అది. ఆ వేరే ఇప్పటికీ పాకుతోంది.

మర్నాడు దంతవైద్యశాలలో డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది, తలకు లేత నీలం తుడుంగ్ ముసుగు, చేతికి తొడుగులు. మర్యాదగా లేచి అప్పను కుర్చీలో కూర్చోబెట్టింది. సెట్టు తీసి, పెదవి లాగి చూసి, అంచు ఇంకొంచెం అరగదీద్దామంది. అప్ప నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. నా నోటితో చెప్పడం తేలిక, మలయ్ నాకు అప్ప కంటే బాగా వచ్చు. కానీ ఆ నోరు నాది కాదు.

డాక్టరమ్మ పరికరం చేతిలోకి తీసుకుంది. అప్ప ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

"రోకొక్ తాక్ అడా, డాక్టర్" అంది. సిగరెట్టు లేదు. ఊపిరి తీసుకుంది. "తెంబాకావ్ అడా."

మలయ్‌లో పొగాకుకు ఉన్న ఆ మాటలో పొగ లేదు. మా భాష ఇవ్వలేని పేరును మా అప్ప పక్కింటి భాషలోంచి తెచ్చుకుంది. డబ్బాను కొంగులోంచి తీసి డాక్టరమ్మ అరచేతిలో పెట్టింది. తర్వాత కింది పెదవిని తనే రెండు వేళ్ళతో లాగి, మచ్చ మీద వేలు పెట్టి, "సీని" అంది. ఇక్కడ అని. "కెచిల్ లాగి" అని కూడా చేర్చింది, చిన్నప్పటి నుంచీ అని.

ఆ అమ్మాయి పరికరం కింద పెట్టేసింది. డబ్బా తిప్పి చదివింది. కోప్పడుతుందేమో అనుకున్నాను. కోప్పడలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, ఇదివరకే అడగవలసినవన్నీ మొదటి నుంచి అడిగింది. ఎప్పటి నుంచి, ఎన్నాళ్ళు సున్నంతో, ఇంట్లో ఇంకెవరికైనా నోట్లో పుండు వచ్చిందా. "మా నానమ్మకి" అంది అప్ప తెలుగులోనే. నేను మలయ్‌లోకి మార్చాను. ఆ ఒక్క మాటకే నా అవసరం పడింది.

మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా నేను అప్ప ఇంట్లోనే ఉన్నాను. ఇంకా చెడలేదని తేలింది. మానితే మచ్చ తగ్గవచ్చు, మానకపోతే తను ఏ హామీ ఇవ్వలేనని డాక్టరమ్మ చెప్పింది. పిలిచినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలంది. మానడానికి సాయపడే చోటుకు కూడా పంపించింది.

ఇంటికి వచ్చాక అప్ప కొడుకు ముందు అరచేయి చాపింది. "ఇలా తే."

"నాదెందుకమ్మా? నాకు పుండు నేదు గదా."

"నానమ్మకీ ముందు నేదు."

సింహాద్రి జేబులోంచి డబ్బా తీసి ఇచ్చాడు. మర్నాడు జెట్టీలో ఇంకొకటి కొంటాడని మా ముగ్గురికీ తెలుసు. అయినా అప్ప ఆ డబ్బా విప్పి, సంచులన్నీ చింపి, లోపలి పొడిని ఒక కాగితం మీద పోసి వాడికి చూపించింది. తెల్ల సంచుల్లోంచి నల్లటి తడి పొడి కుప్పగా పడింది. "ఇది పుదీనా యేటిరా?" అంది. వాడు చాలాసేపు ఆ కుప్పను చూశాడు.  డబ్బాల గురించి నవ్వుతూ మాట్లాడటం మాత్రం ఆ రోజుతో మానాడు.

మొదటి రోజులు అప్పకు నరకం. గిన్నెలు విసిరింది, నన్ను ఇపోకి తరిమేసింది. పుదీనా బిళ్ళలు కొని పంపితే తిప్పి పంపేసింది, ఆ చలవ తగిలితే నోరు తక్కినదాన్ని అడుగుతుందట. వేయించిన శనగలు కావాలంది. కట్టుడు పళ్ళతో ఎలా నములుతావంటే, "నవలక్కర్నేదు, నానబెట్టుకుంతాను. నోటికి పనుండాల" అంది. కుండీల్లో పుదీనాను మాత్రం పీకలేదు. అది ఏ పాపం చేసిందని? పచ్చడికి ఉంటుంది.

నానమ్మ కూడా మొండిదే. ఆమె పట్టుదల చిన్నదని నేను అనుకోను. ఒక్క రోజులో నిప్పు మానేసిన మనిషి. ఆమె ముందు డ్రెస్సర్ పొగ అనే ఒక మాట పెట్టాడు, ఆ మాటను ఆమె పూర్తిగా పాటించింది. అప్పకు కూడా డాక్టరమ్మ అదే మాట పెట్టింది. అప్ప దాన్ని పక్కకు నెట్టి, అడగని దానికి జవాబు చెప్పింది. వాళ్ళిద్దరి మధ్యా నాకు కనిపించే తేడా అదొక్కటే.

నేను ఇప్పుడు రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తాను. యోగక్షేమాలు తర్వాత. ముందు ప్రశ్న ఒకటే, దాన్ని ఎలా అడగాలో నాకు ఆలస్యంగానైనా తెలిసింది. పొగ అనను, ఆకు అనను.

"అప్పా, నోట్లో ఏటుంది?"

"నాలిక" అంటుంది అప్ప. "సాలదేటి?"